బోరెంలో రాయి, భూమిలో ఇనుము

తొమ్మిదో తరగతికి భూమి లోపలి పొరల పాఠం చెప్పడం నాకు ఇష్టంగా ఉండేది. ఉద్యోగం మాత్రం ఇష్టపడి చేరింది కాదు. పొలాలు పోయాక మా వంశంలో జీతానికి కుదిరిన మొదటి మనిషిని నేనే. అది ఎనభైల నడిమి కాలం. బడికి మూడు మైళ్లు నడిచే వెళ్లేవాణ్ణి. దారిలో ఎవరైనా బండి ఆపి ఎక్కమంటే ఎక్కేవాణ్ణి కాదు. ఒకప్పుడు ఆ బండ్లలో సగం మావే.

ఆ పాఠంలో ఒకచోట పిల్లలకు నమ్మకం కుదిరేది కాదు. ఎవరూ వెళ్లి చూడని చోట ఇనుము ఉందని ఎట్లా తెలుసు? ఆ ఏడు నేనొక ఉదాహరణ తయారు చేసుకున్నాను.

"మిల్లు దగ్గర కాటా మీద పత్తి బోరెం పెట్టారు. చూడటానికి అంతా పత్తే. కానీ అంత గోనె తూగాల్సినదానికంటే బాగా ఎక్కువ తూగింది. ఏమంటారు?"

"లోపల రాయి పెట్టారంటామండి!" క్లాసంతా ఒక్కసారి అరిచింది. పత్తి పండించే ఊళ్ల పిల్లలు మరి.

"అంతే. మన కాళ్ల కింద ఉన్న రాయి నీటికంటే మూడు రెట్లకు కాస్త తక్కువ బరువు. భూమి మొత్తం మీద లెక్క వేస్తే ఐదున్నర రెట్లు. అంటే నడుమ రాయికంటే బరువైనదేదో ఉండాలి. అది ఇనుము, దాంతో కొంచెం నికెలు."

చివరి బెంచీ మీంచి ఒకడు, "వాళ్ల నాన్న తొక్కిన బోరెం లాగన్నమాట!" అన్నాడు. అందరూ కిటికీ పక్కన కూర్చున్న అమ్మాయి వైపు తిరిగి నవ్వారు.

పాఠం తయారు చేసుకునేటప్పుడు ఆ అమ్మాయి క్లాసులో ఉంటుందన్న సంగతే నా తలలో లేదు. అట్లాంటివి తలలో పెట్టుకోకపోవడం మా ఇంటి అలవాటు.

ఆమె తండ్రి మా ఇంట్లో పత్తి తొక్కేవాడు. మనిషిలోతు గోనె ఆ బోరెం; ఖాళీదాంట్లోకి దిగి, పైనుంచి పోసే పత్తిని కాళ్లతో అదుముతూ, అది నిండేకొద్దీ పైకి వచ్చేవాడు. అప్పటికి ఆరేళ్ల కిందట మిల్లులో మా బోరేలు విప్పితే నాలుగింటిలో నల్లరాళ్లు బయటపడ్డాయి. కాటా దగ్గర అందరి ముందూ నాన్నగారు, "తొక్కినవాడి పని," అన్నారు. తొక్కుడు కూలి బరువును బట్టే కనక అందరూ నమ్మారు. అతను కాదనలేదు. తర్వాత ఊళ్లో ఎవరూ అతన్ని బోరెంలోకి దింపలేదు. మార్టూరులో రాళ్లు కొట్టే పనికి వెళ్లిపోయాడు.

సగం నిండిన బోరెంలోకి ఆ రాళ్లు అందించింది నేను. నాన్నగారు చెప్పారు, నేను అందించాను. అతను ఒక్క క్షణం నా మొహంలోకి చూసి తొక్కాడు. ఆస్తి పోయినా పేరు మిగిలిందని మా ఇంట్లో తరచూ అనుకునేవాళ్లం. ఆ పేరు అతను నోరు మెదపకపోవడం వల్ల మిగిలింది.

అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, భూమి మధ్యలో ఇనుము ఎవరు పెట్టారండి?"

"ఎవరూ పెట్టలేదు. మొదట్లో భూమి కరిగిన ముద్ద. బరువైన ఇనుము దానంతటదే లోపలికి దిగింది. తేలికైనది పైకి తేలి రాయి అయింది. ఆ ఇనుములో పైభాగం ఇప్పటికీ కరిగే ఉంది. నట్టనడుమ వేడి ఇంకా ఎక్కువే, కానీ అక్కడి ఒత్తిడికి అది గట్టిపడింది."

"పత్తిలో రాయి అట్లా దిగదు కదండీ?"

"దిగదు."

"మరి బోరెం లోపలున్న మనిషికి రాయి ఎక్కడిదండీ? పైనుంచి ఎవరో ఇయ్యాలిగా?"

ఆ ప్రశ్న అప్పటికప్పుడు పుట్టింది కాదని నాకు తెలుస్తూనే ఉంది.

"నేను ఇచ్చాను," అన్నాను. "మీ నాన్న తప్పేమీ లేదు. నేనే ఇచ్చాను." నాన్నగారు ఇమ్మన్నారని మాత్రం అనలేదు.

"ఆ మాట ఇంటికొచ్చి చెప్తారా అండి? నేను చెప్తే మా అమ్మ నమ్మదు."

ఆదివారం వెళ్లాను. అతను మార్టూరు నుంచి వచ్చి ఉన్నాడు. భార్యా అతనూ అప్పుడే చర్చి నుంచి తిరిగొచ్చారు. నులకమంచం వాల్చాడు. నేను నిలబడే చెప్పాను.

"అది నాకు తెలవదా బాబుగారూ? తొక్కింది నేనేగా," అన్నాడు.

"ఆరేళ్లు నోరు మూసుకుని ఇయ్యాళ తెరుస్తున్నావా?" అంది భార్య అతనితో. నా వైపు తిరిగింది. "మాకు చెప్తే ఏం లాభం బాబూ? దొంగన్నది మిల్లులో. అక్కడ చెప్పండి."

"ఊరుకోవే, పెద్దింటాయన."

"పెద్దింటాయన గనకే అడుగుతున్నా. మనం చెప్తే ఎవడింటాడు?"

మర్నాడు బడికి సెలవు పెట్టి మిల్లుకు వెళ్లాను. సీజను కావడంతో కాటా ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. గుమస్తా లోపలికి వచ్చి మాట్లాడమన్నాడు. వద్దన్నాను. బండ్లవాళ్లకు వినపడేట్టు అక్కడే చెప్పాను.

"అబ్బో, ఇన్నాళ్లకు గుర్తొచ్చిందా అయ్యగారికి!" అన్నాడొక రైతు. నేను బండ్ల వరస దాటుకుంటూ ఇంటిదారి పట్టాను.

నేను ఇల్లు చేరేలోపే నాన్నగారికి కబురు అందింది.

"నా పేరు చెప్పావా?" అని అడిగారు.

"లేదండి."

"అయితే సగమే చెప్పావు," అన్నారు. ఆ విషయం మళ్లీ మా మధ్య రాలేదు. మిగతా సగం ఆయనా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

ఆ సీజనులోనే ఇద్దరు రైతులు అతన్ని పత్తి తొక్కడానికి పిలిచారు. మార్టూరు పని వదలనన్నాడు. రాడన్న మాట చెప్పడానికి మాత్రం అతని భార్య ఆ ఇద్దరి ఇళ్లకూ స్వయంగా వెళ్లి, వీధిలో నిలబడి, గట్టిగా చెప్పి వచ్చింది.