సిరిసిల్ల పేజీల మీద ఎర్ర హెచ్చరిక

పన్నెండేళ్ళకు పైగా ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉంది. ఇంట్లో చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు, అందుకే నీకు చెబుతున్నాను.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులు. జగిత్యాలలో వెబ్‌సైట్లు తయారుచేసే చిన్న ఆఫీసులో పనిచేసేవాణ్ణి. ఒకప్పుడు పెగడపల్లి వైపు ఊళ్ళు మా తాత మాట వినేవి. నాకు మిగిలింది ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు. నా కింద రాజేశం ఉండేవాడు. సిరిసిల్ల నేత కుటుంబం, నా ఈడే. ఈ ఉద్యోగం వచ్చాకే తండ్రిని సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పని మాన్పించాడు.

చీరలమ్మే సైటు కడుతున్నాం. వెబ్ చిరునామాలో ఊరికొక పేరు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. సిరిసిల్ల కింద మళ్ళీ ఒక్కో దుకాణానికి ఒక పేరు. మా కంప్యూటర్లలో పరీక్షించడానికి, ఊరి పేరుకు బదులు స్టార్ గుర్తు పెట్టి, సైటు అసలుదేనని బ్రౌజర్‌కు చెప్పే సర్టిఫికెట్ అన్నిటికీ ఒకటే నేనే చేశాను. జగిత్యాల తెరుచుకుంది. కోరుట్ల తెరుచుకుంది. సిరిసిల్ల దుకాణాలు ఒక్కటీ తెరుచుకోలేదు. మీ సమాచారాన్ని ఎవరో దొంగిలిస్తుండవచ్చని బ్రౌజర్ ఎర్రగా హెచ్చరించింది.

ఎవరో. నాకా మాట చాలింది. సిరిసిల్లవాడు, సిరిసిల్ల పేజీలు. రోజూ మధ్యాహ్నం దీక్షా శిబిరంలో కూర్చుని వస్తాడు, అక్కడ ఎవరితో ఏం మాట్లాడతాడు? నేను లేనప్పుడు నా కంప్యూటర్ ముందు ఎందుకు కూర్చున్నాడు? నన్ను దొరా అని పిలిచేటప్పుడు ఆ పెదవి ఎందుకు వంకరపోతుంది? నిజంగా అనుమానించానా, అనుమానించడానికి ఒక మనిషి కావలసి వచ్చాడా?

నిలదీశాను. అతను తడబడలేదు.

“దొరా, గా స్టార్ ఒక్క మెట్టే దిగుతది. సిరిసిల్ల దాకనే. దాని కింది దుకాణాలకు అందది. నా మొకం కాదు, నువ్వు పెట్టిన పేర్లు సూడు.”

“నాకే నేర్పుతున్నవా?”

“నేర్పుతలేను. చెప్తున్న.”

నేను చూడలేదు. సర్టిఫికెట్ పాడుచేసింది అతనేనని యజమానికి చెప్పాను. ఆ సాయంత్రమే అతన్ని తీసేశారు.

మర్నాడు బందు. సగం దించిన షట్టర్ వెనక ఒక్కణ్ణే కూర్చుని, సిరిసిల్ల పేరు ముందు మరో స్టార్ చేర్చి సర్టిఫికెట్ మళ్ళీ చేశాను. అన్నీ తెరుచుకున్నాయి. మా తాత సంతకం ఊరికీ చెల్లేది, ఊరి కింది ప్రతి వాడకీ చెల్లేది. స్టార్ కూడా అంతేననుకున్నాను. రాజేశం చెడగొట్టింది బాగుచేశానని యజమాని మెచ్చుకున్నాడు. తల వంచుకుని ఆ మెప్పు తీసుకున్నాను.

తండ్రీ కొడుకూ ఇద్దరూ సాంచాల మీదికే వెళ్ళారని తర్వాత విన్నాను. ఒకసారి సిరిసిల్ల బస్టాండులో దిగి, అక్కడి నుంచే వెనక్కి వచ్చాను. ఏం చెప్పాలో తెలియక కాదు. తెలిసే.

సర్టిఫికెట్‌ను ఎవరూ పాడుచేయలేదు. రాజేశం నిజం చెప్పాడు, నేను అబద్ధం చెప్పాను. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది.