తొడిమ పాటకి మూడో సంతకం

జాన్ బాషా గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టు గుమాస్తా. ఇరవై రెండేళ్లుగా టిక్కీల, అంటే మిర్చి బస్తాల, బరువు రాస్తున్నాడు గనక, కాటా మీద ఎవరు కాలు ఆనించారో తల ఎత్తకుండానే చెప్పగలడు. మనుషుల మీద ఆయనకి నమ్మకం తగ్గిందంటే తప్పు పూర్తిగా ఆయనది కాదు.

జన్మకల్లా ఆయన రాసింది ఒక్క పాట. "తొడిమ తీసినా ఘాటు పోదే, తిట్టినా నీ మీద మనసు పోదే" అని మొదలవుతుంది. మార్టూరులో ఆర్కెస్ట్రా నడిపే యలమంద దానికి బాణీ కట్టి యూట్యూబ్‌లో పెట్టాడు. పాట ఎఫ్ఎంకీ, స్టేజీలకీ ఎక్కింది. బాషా సంతోషమంతా "రచన: జాన్ బాషా" అన్న చోటే ఉంది. భార్య రహమతున్నీసా చుట్టాలొస్తే వీడియోని సరిగ్గా అక్కడే ఆపి చూపిస్తుంది.

మొన్న యలమంద ఫోన్ చేసి "బాషాగారూ" అన్నాడు. పదేళ్లుగా "ఏరా బాషా" తప్ప మరో పిలుపు ఎరగని మనిషి గారు తగిలించేసరికి, బాషా చెయ్యి దానంతటదే జేబు తడుముకుంది.

పాటని నలుగురిలో వేసుకునే రేడియోలూ హోటళ్లూ, టిక్కెట్టు పెట్టి కచేరీ చేసేవాళ్లూ కట్టే రుసుముని ఒక సంఘం వసూలు చేసి, పాట కట్టినవాళ్లకి పంచుతుందట. అందుకు ఫారంలో ఎవరి వాటా నూటికి ఎంతో రాసి అందరూ సంతకాలు పెట్టాలి. మాటలకి సగం, బాణీకి సగం అన్నాడు యలమంద. ఆ తర్వాత నెమ్మదిగా, "మాటల్లో ఇంకెవరి చెయ్యయినా ఉందా? ఉంటే ఇప్పుడే రాసెయ్యాలి. రేపు గొడవొస్తే ఇద్దరి డబ్బూ ఆపేస్తారంట" అన్నాడు.

గారు ఎందుకొచ్చిందో బాషాకి తెలిసిపోయింది. యలమంద తన బావమరిది ప్రభుని మాటల వాటాలోకి దూర్చడానికి! యలమంద ఫోన్‌కి పంపిన ఫారాన్ని బ్రాడీపేట నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించి, చిన్న అక్షరాలు కూడా వేలు పెట్టి చదివాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు. ప్రభు పేరు ఎక్కడా లేదు. "ఈ మాటలు పూర్తిగా నావేనని ధ్రువీకరిస్తున్నాను" అని మాత్రం ఉంది. దాని కింద సంతకానికి ఖాళీ.

బాషా పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశాడు. ఎందుకంటే మొదటి లైను ఆయనది కాదు.

కోల్డ్ స్టోరేజీలో కాయలకి తొడిమలు తీసే మాబూబీ ఒకనాడు మొగుణ్ని తలుచుకుని, "తొడిమ తీసినా ఘాటు పోదు, తిట్టినా ఈ మొగుడు పోడు" అంది. అందరూ నవ్వారు. బాషా కాటా చీటీ వెనక రాసుకున్నాడు. మొగుణ్ని తీసి మనసు పెట్టింది తనే కదా, అది రచన కాదా అని మూడేళ్లుగా తనకి తనే నచ్చజెప్పుకుంటున్నాడు. ఇప్పుడేమో యలమందకి ఎవరో చెప్పేశారని అనుమానం పట్టుకుంది. ఉన్న ఒక్క పేరూ పంచుకోవాలంటే మనసొప్పలేదు. దొంగ సంతకం పెడదామంటే చెయ్యి ఆడలేదు.

రెండు రోజులు కొట్టుమిట్టాడి, ఫారంలో "నావే"ని "మావే" అని దిద్ది, తన పేరు కింద మాబూబీ పేరు రాసుకుని ఆవిడ దగ్గరికే వెళ్లాడు. పాతిక మంది ఆడవాళ్లు కాయల గుట్టల చుట్టూ కూర్చుని ఉన్నారు.

"ఓ సంతకం పెట్టాలి అక్కా."

మాబూబీ చెయ్యి కొంగులో దాచుకుంది. "ఏ అప్పుకి జామీను తమ్ముడూ?"

అప్పు కాదు, పాటలో నీ మాట ఉంది, డబ్బులొస్తాయి అని చెప్పాడు. దాంతో ఆవిడ అనుమానం రెట్టింపయింది.

"మొగుణ్ని అన్న మాటలకి డబ్బులొచ్చేట్టయితే ఈపాటికి యార్డంతా కొనేసి ఉండేదాన్ని. ఏదీ, ఆ పాట పాడు చూద్దాం."

పాతిక మంది ముందు, ఘాటుకి తుమ్ముతూ, బాషా పల్లవి పాడాడు.

"మనసెక్కణ్ణించి వచ్చింది? నేను మొగుడన్నాగా" అంది మాబూబీ. ఆడవాళ్లు పడీ పడీ నవ్వారు. బాషాకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సెలవుల్లో పనికొచ్చే మాబూబీ కూతురు నజ్మీన్ మాత్రం నవ్వలేదు. డిగ్రీ పిల్ల. ఫారం అందుకుని పై నుంచి కింద దాకా చదివింది.

"అమ్మ పేరు పక్కన వాటా ఖాళీగా ఉందేంటి మామూ?"

ఎంత రాయాలో తేలలేదన్నాడు బాషా. అది అబద్ధం కాదు. బయల్దేరేటప్పుడు పదిహేను అనుకున్నవాడు, సగం దారిలో పదికి దిగి, గేటు దగ్గరికొచ్చేసరికి అయిదులో ఉన్నాడు.

"ముందు అంకె వెయ్యండి. తర్వాత సంతకం."

చరణాలన్నీ నావేగా అన్న మాట బాషా నోటి దాకా వచ్చింది. పాతిక జతల కళ్లు చూస్తున్నాయి. మాటల తాలూకు యాభైలో తనకి ఇరవై అయిదు, మాబూబీకి ఇరవై అయిదు వేశాడు. నజ్మీన్ ఆ రెండూ కూడి, ఫోన్‌లో ఫోటో తీసుకుని, అప్పుడు తల్లికి పెన్ను ఇచ్చింది.

మాబూబీ ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పేరు రాసింది. కాగితం మాత్రం వదల్లేదు.

"ఆ తిట్టు ఎవర్ని తిట్టానో ఇందులో రాయలేదుగా తమ్ముడూ? రాస్తే ఆయనొచ్చి వాటా అడుగుతాడు."

రాయలేదని బాషా చెప్పాడు. ఆవిడ తల ఊపి, కూతురి చేత ఇంకోసారి చదివించుకుంది.