హిజిరి ఊరేగింపు

యాభై మూడేళ్ళ వయసులో కిరియమ సుమియె బడి బస్సు వదిలేసి ప్రకటనల లారీ ఎక్కింది జీతం కోసం కాదు. ఆ లారీకి మూడు పక్కలా వెలిగే ముఖం కోసం.

టోక్యోలో రాత్రంతా క్లబ్బులు నడిచే కబుకిచొ పేటలో ఆ ముఖం పేరు హిజిరి. ఆడవాళ్ళ పక్కన కూర్చుని తియ్యగా మాట్లాడుతూ షాంపేన్ సీసాలు తెప్పించే కుర్రాళ్ళ క్లబ్బులో అతనే మొదటివాడు. సీసాల మీద డబ్బు పోసి అతణ్ణి ఆ మొదటి స్థానంలో నిలబెట్టడానికే సుమియె కూతురు చిహొ నర్సు చదువు మానేసింది. చివరికి పార్కు గోడ పక్కన నిలబడి మగాళ్ళ కోసం ఎదురుచూసేదాకా వచ్చింది. ఫోన్ నంబరు మార్చేసింది. సుమియె క్లబ్బుకే వెళ్ళి నిలదీస్తే హిజిరి నడుం వంచి, మిఠాయి పెట్టె చేతికిచ్చి, "చిహొ గారు తన ఇష్టంతోనే వస్తున్నారండి" అన్నాడు. ఆ పెట్టెను అతని కాళ్ళ దగ్గరే పడేసి తొక్కింది.

లారీ ఎక్కాక ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. శత్రువుకి దగ్గరగా ఉండాలని మాత్రం తెలుసు. రోజూ సాయంత్రం అతని పేరు అరిచే పాట మోగించుకుంటూ ఆ పార్కు ముందు నుంచే వెళ్ళేది. ఒకరోజు చిహొ కనిపించింది. నవ్వుతూ లారీకి ఫోటో తీసుకుంది. స్టీరింగ్ దగ్గర ఎవరున్నారో చూడలేదు.

యజమాని అరాయి తన లారీలకు పక్క జిల్లా నంబర్లు వేయించేవాడు. టోక్యో వాళ్ళు బొమ్మను తనిఖీ చెయ్యకుండా అదొక దొంగదారి. ఆ ఏడు నిబంధన మారింది. నంబరు ఎక్కడిదైనా సరే, టోక్యో రోడ్డెక్కాలంటే బొమ్మకు అనుమతి ఉండాలి. హిజిరి బొమ్మ కళ్ళు పొడుస్తోందని తిప్పికొట్టారు. షెడ్డుకి తీసుకెళ్ళి పీకించెయ్యమని అరాయి విసుక్కున్నాడు.

"టోక్యో బయట తిప్పొచ్చా?" అని అడిగింది సుమియె.

"బయట ఎవడు చూస్తాడమ్మా, పొలాల్లో కప్పలా?"

ఆమె షెడ్డు మలుపు దాటేసి ఉత్తరానికి పోనిచ్చింది. అరాయి ఫోన్ చేస్తుంటే ఎత్తలేదు. హిజిరి అసలు పేరు ఒగాత మసరు అనీ, ఉత్తరాన సకాత ఊరి అవతల ఓ రేవులో వాళ్ళమ్మ తొకి కణవ చేపలు ఎండబెట్టి అమ్ముతుందనీ ఒకప్పుడు చిహొయే గొప్పగా చెప్పింది. ఎవరికీ తెలియనిది తనకొక్కదానికే తెలుసని ఆ పిల్ల మురిపెం.

మర్నాడు మధ్యాహ్నం, పట్టపగలే దీపాలన్నీ వేసి, పాట చెవులు పగిలేలా పెట్టి సుమియె ఆ రేవులో తిరిగింది. వలలు బాగుచేసేవాళ్ళు లేచి నిలబడ్డారు. రెండో చుట్టులో, రబ్బరు ఏప్రన్ కట్టుకున్న ముసలామె రోడ్డు మధ్యకొచ్చి నిలబడింది. తొకి.

"ఏటమ్మా ఇది? మా మసరు మొకం నీ బండి మీదెందుకున్నాది? ఓటల్లో పనన్నాడే ఆడు."

సుమియె గొంతు తగ్గించలేదు. పదిమందీ వినేలా క్లబ్బు గురించీ, చిహొ గురించీ, ఆ గోడ గురించీ మొత్తం చెప్పింది. ముసలామె తల దించుకుంటే చూడాలనుకుంది. అందుకే ఇంత దూరం వచ్చింది. తొకి తల దించలేదు. ఏప్రన్ విప్పి గట్టు మీదికి విసిరి, లారీ ఎక్కి పక్క సీట్లో కూర్చుంది.

"సేపలోళ్ళ సంగం ఆపీసు కాడికి పోనీ. ఆడి మావలందరూ అక్కడే ఉంతారు. పాట తగ్గించకు."

రేవు కుర్రాళ్ళు తీసిన ఫోటోలు ఎండ తగ్గకముందే కబుకిచొ చేరాయి. తొకి ఫోన్ మోగింది. అందరికీ వినిపించేలా పెట్టింది.

"అమా, ఆ బండాపించెయ్యే. నీ కాళ్ళట్టుకుంతాను." క్లబ్బులో విన్న ఆ నున్నటి మాట ఇప్పుడు లేదు.

"నాతో కాదురా, ఈవిడితో సెప్పుకో."

సుమియె ఫోన్ అందుకుని, "చిహొ నాకు ఫోన్ చేసేదాకా తిప్పుతాను. డీజిల్ ఉంది" అంది.

"నేకపోతే నాను పోయిత్తాను" అంది తొకి.

పొద్దు గూకకముందే చిహొ ఫోన్ చేసింది. నువ్వసలు తల్లివేనా అంది, అతని బతుకు నాశనం చేశావంది, చచ్చిపొమ్మంది. సుమియె చివరిదాకా విన్నది.

"ఫోన్‌లో సరిపోలేదు. ఇక్కడికొచ్చి తిట్టు. నువ్వొచ్చేదాకా వీడి మొహం వీళ్ళమ్మ గుమ్మం ముందే ఉంటుంది."

తొకి ఇంటి ముందు లారీ ఆపి, పాట కట్టేసింది. దీపాలు మాత్రం ఆర్పలేదు.