బొమ్మకు దిష్టిపూసలు

బెంగళూరు బళేపేట అంగళ్లలో పసిపిల్లలకు కట్టే నల్ల దిష్టిపూసలు కనబడితే చాలు, మా మేడమీద అద్దెకున్న నైజీరియా ఆవిడ గుర్తొస్తుంది. అప్పుడు నేను మూడో తరగతి.

ఆవిడ భర్త మా ఊళ్లోనే చదువుకునేవాడు. ఆవిడకు తప్పటడుగుల కూతురొకతె, జానెడు కొయ్యబొమ్మ ఒకటి. బొమ్మకు ఇంత తల, నీలం జుట్టు, కడిగి కడిగి అరిగిపోయిన ముఖం. పాపతోపాటు దానికీ నీళ్లు పోసి, నూనె రాసి, పెదాలకు గంజి తాకించేది. కిటికీలోంచి అది చూసి, పరుగున దిగి అమ్మకు చెప్పాను.

"చేతబడి బొమ్మప్పా అది! ఆయమ్మ ఏమిచ్చినా తినొద్దు" అంది అమ్మ.

ఆ రోజే మా గుమ్మానికి నిమ్మకాయలు వేలాడాయి. అమ్మ కూడా బట్టలారేసే వంకతో ఆ కిటికీలోకి తొంగిచూసేది. నాకు జలుబు చేసినా బొమ్మ పనే అనుకున్నాం.

జలుబు జ్వరంలోకి దిగాక, తేల్చుకుందామని అమ్మ నన్ను లాక్కుని పైకెళ్లింది. ఆవిడ వచ్చీరాని కన్నడలో చెప్పింది. పుట్టింది కవలలట, ఒక పాప పోయిందట. పోయిన బిడ్డకు బొమ్మ చెక్కించి సాకకపోతే, ఉన్న బిడ్డా దక్కదని వాళ్ల నమ్మకమట.

అమ్మ నన్ను తీసుకుని దిగివచ్చింది. మర్నాడు బళేపేట నుంచి రెండు దిష్టిపూసల దండలు తెచ్చింది, పాపకొకటి, బొమ్మకొకటి.

"బొమ్మకెందుకుమా?" అన్నాను.

"బిడ్డప్పా అది. దిష్టి తగలదా?"

ఎవరి దిష్టి అని అప్పుడు అడగలేదు. ఆ కిటికీలోకి తొంగిచూసేది మేమిద్దరమే.