మూడో ఛాంబర్‌లో ముగియని ఎంట్రీ

శ్మశానం పక్క చేలో ఒంటరిగా మిరపకాయలు కోసిన మనిషిని నేను. మా వాడలో ఎవరికన్నా గాలి సోకిందంటే, ముందు అన్నం పెట్టి చూడండి, ఆకలై ఉంటుంది అనేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది చదివి మీరు నవ్వుకుంటే నాకేం కోపం లేదు. నేనైనా నవ్వేదాన్నే.

నా పేరు సుబ్బాయమ్మ. నకరికల్లు దాటాక నరసరావుపేట రోడ్డు మీద ఉన్న ఒక కోల్డ్ స్టోరేజీలో పని. మొదట తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాలో ఉండేదాన్ని. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. బడిలో కాదు, మిరపకాయల బస్తాల మీద వేసే రంగు మార్కులు చూసి. మా వైపు ఆ బస్తాని టిక్కీ అంటారు. టిక్కీ మీద రైతు పేరు, ఊరు, లాటు ఉంటాయి. అవి కూడబలుక్కుని చదివీ చదివీ చివరికి పేపరు చదవడం వచ్చింది. అప్పుడు నన్ను ఛాంబర్ల దగ్గర కూర్చోబెట్టారు, ఎవరు లోపలికి వెళ్తున్నారో ఎవరు బయటికి వస్తున్నారో చూసుకోమని.

ఛాంబర్ అంటే పెద్ద గోడౌను లాంటి చల్లటి గది. లోపల కొయ్య అంతస్తులు, వాటి మీద కప్పు దాకా టిక్కీలు. తలుపు జానెడు మందం. మూసి లైట్లు ఆపితే లోపల మనిషి గొంతు చించుకున్నా బయటికి వినపడదు. అందుకే హమాలీలకు ఒక పద్ధతి ఉంది. తలుపు మూశాక, లైట్లు ఆపే ముందు, బస్తా లాగే కొక్కెంతో తలుపు ఇనుప పట్టీ మీద మూడు దెబ్బలు కొడతారు. లోపల ఎవరన్నా మిగిలిపోతే వాళ్లూ తమ కొక్కెంతో తిరిగి కొట్టాలి. జవాబు రాకపోతేనే లైట్లు ఆపడం. నా తమ్ముడు కోటయ్య ఆ ముఠాలోనే హమాలీ. మా అమ్మ పోయాక వాణ్ని నేనే పెంచాను.

కంప్యూటరు వచ్చాక ఆ పద్ధతి పోయింది. ప్రతి హమాలీకీ ఒక కార్డు ఇచ్చారు. తలుపు దగ్గర మిషను మీద ఆనిస్తే కూత పెడుతుంది. లోపల ఎంతమంది ఉన్నారో నా ముందున్న తెర మీద పడుతుంది. సున్నా అయితే పచ్చలైటు, లేకపోతే ఎర్రలైటు. మేనేజరు సాంబశివరావు సంబరం అంతా ఇంతా కాదు.

"ఇంక ఆ కొట్టుడు ఆపండయ్యా, తలుపుల రంగంతా పోతంది. మిషను ఉందిగా, అదే చెప్పుద్ది."

ప్రోగ్రాం రాసింది శ్రావణి అనే పిల్ల. నరసరావుపేటలో ఇంజినీరింగు చదివింది. నన్ను అమ్మమ్మా అని పిలిచేది. నాకోసమని తెర మీద మాటలన్నీ తెలుగులో పెట్టింది. ఈ లెక్కలన్నీ ఎక్కడుంటాయే అంటే ఓపిగ్గా చెప్పింది. పెద్ద కంపెనీల్లో డేటాబేసుకి వేరే మిషను ఉంటుందట, మాకు అదేమీ లేదట. అంతా ఒకే ఒక్క ఫైలు, ప్రోగ్రాంతో పాటే అదే కంప్యూటరులో ఉంటుందట. అయితే ఆ ఫైలులో ఒకసారికి ఒక్కరే రాయాలి. ఒకరు రాస్తుంటే తాళం పడుతుంది. వాళ్ల రాత పూర్తయ్యాక తాళం వదులుతుంది, అప్పుడు ఇంకొకరు రాయాలి.

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం తెర మీద ఎర్రక్షరాలతో వచ్చింది: "ఫైలుకి తాళం పడి ఉంది. ఇంకెవరో రాస్తున్నారు."

శ్రావణి వచ్చి చూసింది. తప్పు మేనేజరుది. ఆఫీసులో ఆ ఫైలు తెరిచి, ఒక పేరు దిద్దబోయి, అది సేవు చేయకుండానే భోజనానికి వెళ్లాడు.

"మొదలుపెట్టి ముగించకుండా లేచిపోతే తాళం వదలదు సార్. ముగించండి, లేదా వద్దనుకుంటే వెనక్కి తీసుకోండి. మధ్యలో వదలొద్దు."

"ఒక్క పేరుకేనా తల్లీ ఇంత గోల?" అన్నాడు ఆయన.

తర్వాత వారం మళ్లీ వచ్చింది. ఈసారి మేనేజరు ఊళ్లోనే లేడు. శ్రావణి రెండు మార్పులు చేసింది. తాళం కనపడగానే ప్రోగ్రాం చేతులెత్తేయకుండా కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించేలా పెట్టింది. చూసేవాళ్లు రాసేవాళ్లకు అడ్డం రాకుండా ఇంకో పద్ధతికి మార్చింది. ఆ పద్ధతిలో అసలు ఫైలు పక్కన రెండు చిన్న ఫైళ్లు పుడతాయి. శివరాత్రికి ఆఫీసు శుభ్రం చేస్తూ మన మేనేజరు కంప్యూటరు కూడా శుభ్రం చేశాడు. కరెంటు పోయి వచ్చాక, ప్రోగ్రాం మళ్లీ తెరవకముందే, ఆ రెండూ చెత్త అనుకుని తీసిపారేశాడు. ఆ రోజు ఎంట్రీలు సగం గల్లంతు. శ్రావణి నెత్తి కొట్టుకుంది.

"అవి చెత్త కాదు సార్! అసలు ఫైలులోకి ఇంకా చేరని రాత అందులోనే ఉంటది. ఇంట్లో ఇట్టాగే పాలు కాగుతుంటే గిన్నె కడిగేస్తారా?"

నేను పగలబడి నవ్వాను. ఆ ఫైలు విషయంలో నేను నవ్వడం అదే ఆఖరు.

తాళం మళ్లీ వచ్చింది. ఈసారి నేను కనిపెట్టి చూశాను. మూడో ఛాంబర్ ఖాళీ అయి, తలుపు మూసి, లైట్లు ఆపాక మాత్రమే వస్తోంది. ఒకటి, రెండు ఛాంబర్లలో ఎప్పుడూ రాలేదు. తలుపు తీస్తే అది కూడా పోయేది. శ్రావణికి చెప్తే, తాళం ఎవరు తీసుకున్నారో, ఎవరు వదలడం లేదో రాసిపెట్టే ఏర్పాటు చేసింది. రెండు రోజులకు వచ్చి చూసుకుంది. మళ్లీ పైనుంచి కిందిదాకా చూసింది.

"ఏందే?" అన్నాను.

"మూడో ఛాంబర్ తలుపు మిషనే అమ్మమ్మా. ఎవరో లోపలికి వస్తున్నట్టు ఎంట్రీ మొదలవుతోంది. అక్కడే ఆగిపోతోంది. ముగియట్లా."

"ఎవరి కార్డు?"

"కార్డు లేదు."

ప్రోగ్రాం ఆపి మళ్లీ మొదలుపెడితే ఆ సగం రాత ఉండదట, వెనక్కి పోతుందట. సగం రాసినది ఎవరికీ కనపడకూడదు, అదే దాని ధర్మం అంది. మిషను పాడైందని కొత్తది పెట్టించింది. తీగ మార్పించింది. అయినా వచ్చింది. అప్పటినుంచి మూడో ఛాంబర్ ముందు కుర్చీ వేసుకోవడానికి నాకు మనసొప్పేది కాదు. పట్టపగలు, ఎదురుగా లారీలు, అరుచుకునే హమాలీలు. అయినా నడి వీపున ఎవరో చూస్తున్నట్టుండేది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్తే నా మాటే నాకు తిరగ్గొడతారు, ముందు అన్నం తినవే సుబ్బాయమ్మా అని.

సీజను ముదిరింది. లారీ మీద లారీ దిగుతోంది. ఆ రోజు మధ్యాహ్నం మూడో ఛాంబర్‌లో సర్దుడు అయిపోయి హమాలీలంతా బయటికి వచ్చి టీకి వెళ్లారు. తెర మీద సున్నా, పచ్చలైటు. నేను లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గర డ్రైవరుతో మాట్లాడి తిరిగి వచ్చేసరికి తెర మీద ఎర్రక్షరాలు. తాళం పడి ఉంది, ఇంకెవరో రాస్తున్నారు.

తలుపు ఇంకా మూయలేదు. అంతకుముందెప్పుడూ తలుపు మూయకముందు అది రాలేదు.

మేనేజరు వచ్చాడు. "పాత రోగమే అత్తా. సున్నా ఉందిగా. లోపలి చలంతా బయటికి పోతంది, ముయ్యి." ఆయనే తలుపు నెట్టాడు, లైట్ల స్విచ్చి ఆపాడు, ఆఫీసులోకి వెళ్లిపోయాడు.

నాకు అక్కడినుంచి కదలబుద్ధి కాలేదు. ఎందుకో చెప్పలేను. గోడకు మేకుల మీద హమాలీల కొక్కేలు వేలాడుతున్నాయి. ఒకటి తీసుకుని ఇనుప పట్టీ మీద మూడు దెబ్బలు కొట్టాను.

లోపలినుంచి మూడు దెబ్బలు వినపడ్డాయి.

అదిరిపడి వెనక్కి జరిగాను. నా చెవులే అనుకున్నాను. ఈసారి రెండే కొట్టాను. లోపలినుంచి రెండే వచ్చాయి. తొందర లేదు, గాభరా లేదు. నేనెంత నిదానంగా కొట్టానో అంతే నిదానంగా వచ్చాయి. లోపల ఇరుక్కుపోయిన మనిషి అట్టా కొట్టడు.

అరిచాను. ఎవరూ రాకముందే తలుపు నేనే లాగాను. చీకటిలోంచి చలిగాలి నా ముఖాన, చెవుల పక్కగా, జుట్టు కదిలేంతగా బయటికి పోయింది. లైట్లు వేశాను. తలుపు వెనక ఎవరూ లేరు.

టీ దుకాణం నుంచి హమాలీలు పరిగెత్తుకొచ్చారు. వాళ్లలో కోటయ్య లేడు. "కోటయ్యేడిరా?" అంటే ఒకడన్నాడు, "ఫోను లోపల మర్చిపోయానని వెనక్కొచ్చాడు పెద్దమ్మా!"

వాడు చివరి వరుసలో దొరికాడు. పై నుంచి టిక్కీలు జారి కాళ్ల మీద పడ్డాయి. తలకు దెబ్బ తగిలి స్పృహ లేదు. తలుపు ఛాంబర్‌కి ఒక చివర, వాడు ఇంకో చివర. ఇంకో గంట లోపల ఉంటే ఏమయ్యేదో నన్ను అడగొద్దు.

నలుగురూ వాణ్ని మోసుకెళ్తుంటే నేను వెనక్కి తిరిగి తలుపు లోపలివైపు చూశాను. పట్టీ మీద పల్చగా చెమ్మ పేరుకుని ఉంది. ఇనుము తగిలితే చెమ్మ మీద గీత పడాలి. ఒక్క గీత లేదు. వెలుపలివైపు నా దెబ్బలు పడ్డ చోట రంగు లేచిపోయి ఉంది. చేతిలో కొక్కెం చూసుకున్నాను. పిడికి నీలం గుడ్డ చుట్టి ఉంది. అది కోటయ్యదే, నేనే చుట్టిచ్చాను. అంటే వాడి దగ్గర కొట్టడానికి కొక్కెం కూడా లేదు. హమాలీలు అంతస్తు అంతస్తూ టార్చీలతో వెతికారు. ఇంకెవరూ లేరు.

నరసరావుపేట ఆసుపత్రిలో సాయంత్రానికి వాడికి తెలివొచ్చింది. కాలు విరిగింది, ప్రాణానికి భయం లేదన్నారు. తలుపు కొట్టావురా అని అడిగాను.

"నేనెక్కడ కొట్టానక్కా? బస్తా పడ్డదాకానే గుర్తు." నా చెయ్యి పట్టుకున్నాడు. "మధ్యలో ఒకసారి మెలకువొచ్చింది. చీకటి. నా పక్కన కూర్చుని ఎవరో ఊపిరి తీస్తన్నారు. నువ్వేమో అనుకుని పిలిచా. పలకలా. లేచి తలుపు వైపు పోయారు."

తలకు దెబ్బ తగిలితే అట్టాంటివి అనిపిస్తాయని డాక్టరు అన్నాడు. అంతేనని నేనూ తలూపాను.

మర్నాడు శ్రావణి ఏడుస్తూ వచ్చింది. కోటయ్య కార్డు ఆనించాడు, మిషను కూత పెట్టింది, కానీ ఎంట్రీ ఎక్కలేదు. ఫైలు తాళంలో ఉంటే ప్రోగ్రాం కాసేపు ఆగి, రాయలేక వదిలేసింది. రాత ఎక్కిందో లేదో చూసుకోకముందే కూత పెట్టేలా రాశాను, తప్పు నాదే అంది. అక్కడే కూర్చుని దిద్దింది. ఇప్పుడు రాత పూర్తయితేనే కూత వస్తుంది, తాళం పడితే ఎర్రలైటు వెలుగుతుంది. అంతవరకు నాకు అర్థమైంది. మనిషి చేసిన తప్పు, మనిషి దిద్దాడు.

అయితే ఆ పిల్ల వెళ్లకుండా తెర నా వైపు తిప్పింది. "ఇది చూడు అమ్మమ్మా."

నిన్న నేను తలుపు లాగిన సమయానికి ఒక ఎంట్రీ పూర్తయి ఉంది. మూడో ఛాంబర్. పక్కన కార్డు గడి ఖాళీ. దాని పక్కన "బయటికి" అని ఉంది. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను.

కార్డు గడి ఖాళీగా ఉంటే తీసుకోవద్దని ఆ ఫైలుకి తానే ఆంక్ష పెట్టానంది. నా ఎదుటే ఖాళీగా రాయబోయింది. తీసుకోలేదు. ఎన్నిసార్లు ప్రయత్నించినా తీసుకోలేదు. ఫైలు చెడిపోయిందేమోనని పరీక్ష పెట్టింది. అంతా సవ్యంగా ఉందని వచ్చింది. హైదరాబాదులో ఉన్న తన సీనియర్లకు పంపింది. ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు, ఏదీ కుదరలేదు.

"తీసేయనా?" అంది.

"వద్దు," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "బయటికి పోయినట్టే ఉండనీ. అది తీసేస్తే మళ్లీ లోపలున్నట్టే గదా."

ఆ పిల్ల నా ముఖంలోకి చూసి, మెల్లగా కంప్యూటరు మూసేసింది.

ఆ తర్వాత తాళం మళ్లీ పడలేదు. కొట్టే పద్ధతి తిరిగి మొదలైంది, మేనేజరు కూడా రంగు మాటెత్తడం లేదు. మూడో ఛాంబర్ దగ్గర రోజూ నేనే కొడతాను. చెవి ఆనించి నిలబడతాను. ఇంతవరకు జవాబు రాలేదు.

ఆ దెబ్బలు ఎవరు కొట్టారో, ఎందుకు కొట్టారో నాకు తెలియదు. నా తమ్ముడు బతికాడు కాబట్టి మంచిదే అనుకోమంటారు అందరూ. అనుకోవాలనే చూస్తున్నాను. కానీ ఆ ఛాంబర్‌కి ఉన్నది ఒక్కటే తలుపు. ఆ రోజు అది లాగి వాకిట్లో నిలబడింది నేను. బయటికి వచ్చింది ఏదైనా, నన్ను రాసుకునే వెళ్లి ఉండాలి.