కొరాపుట్ కిటికీ దగ్గర నేను చెప్పిన నిజం

కొండలకు పునాదులు వేసిన దేవునికి స్తోత్రం. ఘాటు రోడ్డు మలుపుల్లో మమ్మల్ని కాచి, చెక్కుచెదరకుండా ఇల్లు చేర్చినందుకు ఆయన నామానికి మహిమ కలుగును గాక. ఈ ప్రయాణంలో స్తుతించడానికి నాకు దొరికింది అదొక్కటే. అందుకే ముందే చెప్పేస్తున్నాను.

సాలూరు పైన కొండల్లో కొన్ని ఊళ్లను ఆంధ్రా, ఒరిస్సా రెండూ మావేనంటాయి. అలాంటి ఒక ఊళ్లో పదకొండేళ్లుగా సంఘాన్ని నడుపుతున్నాను. మా విశ్వాసి లచ్చన్న కూతురు మార్త అరకులో హాస్టల్లో ఉండి ఇంటర్ పాసయింది. ఆ ఊరి ఆడపిల్లల్లో అంతవరకు చదివింది తనే. కొరాపుట్‌లో ఒక నర్సింగ్ స్కూలుందని, ఒరిస్సా కొండ పిల్లలకు అక్కడ విడిగా సీట్లున్నాయని, వాళ్లకు ఫీజు వందల్లోనే అని తెలిసింది. బయటి రాష్ట్రంవాళ్లకు రెండే సీట్లు, ఫీజు వేలల్లో. దరఖాస్తు ఇవ్వడానికి ఆఖరి రోజున లచ్చన్న, మార్త, నేను బయల్దేరాం.

ఉదయం ఐదింటికి జీపు. లోపల పదహారుమందిమి, టాపు మీద పనసకాయలు. సాలూరులో దిగి, బస్సు కాంప్లెక్సు ఎదుట ఇడ్లీ తిని, ఏడున్నరకి కొరాపుట్ బస్సెక్కాం. ఎడమవైపు కూర్చుంటే లోయ కనిపిస్తుంది. కడుపులో తిప్పేవాళ్లు ముందు సీట్లు చూసుకోవడం మంచిది.

మా ముందు సీట్లో పక్క ఊరామె, పసుపు మూట ఒళ్లో పెట్టుకుని సంతకు వెళుతోంది. వెనక్కి తిరిగి మార్తను పలకరించింది.

"ఏటి గుంటా, కొత్త ఓణీ ఏసీసినావు? ఎక్కడికేటి?"

"నర్సు సదువుకి, పిన్నీ."

"మా మేనల్లుడూ అటే సదువుతున్నాడు. మనకేటి బెంగ? రెండు కార్డులున్నోలం. ఈలు బియ్యమిత్తే ఈల బిడ్డలం, ఆలు సదువిత్తే ఆల బిడ్డలం!"

బస్సులో నలుగురు నవ్వారు. ఆమె చూపు నామీద పడింది. "అయ్యగారి సంఘమోలు మాత్రం ఒకటి ఒగ్గీసినారు కదేటి. మరి సొర్గం గేటుకాడ ఏ కార్డు అడుగుతారో!"

నేనూ నవ్వాను. లచ్చన్న నవ్వలేదు.

సంగతేమిటంటే, ఆ ఊళ్లలో ప్రతి ఇంటికీ రెండు రాష్ట్రాల రేషన్ కార్డులూ ఉంటాయి. ఎవరూ తప్పనుకోరు. నేనే తప్పన్నాను. ఒకే మనిషి రెండు చోట్ల వేలిముద్ర వేసి బియ్యం తెచ్చుకోవడం అబద్ధసాక్ష్యమేనని మూడేళ్ల క్రితం ప్రసంగించాను. తొమ్మిది ఇళ్లవాళ్లు ఒరిస్సా కార్డులు తెచ్చి బల్లమీద పెట్టారు. మొదట లేచినవాడు లచ్చన్న. నేనే వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లి, ఒరిస్సా తాసీలు ఆఫీసులో కార్డులు వాపసు చేయించాను. ఆ తర్వాత ఏ ఊరి సభకు వెళ్లినా ఆ సాక్ష్యం చెప్పుకునేవాణ్ణి.

సరిహద్దులో సుంకి గేటు దాటాక చలిగాలి. పొట్టంగిలో టీ. పదకొండున్నరకి కొరాపుట్‌లో దిగి, స్కూలుకు నడిచే వెళ్లాం. కిటికీ వెనక గుమాస్తా తెలుగు వచ్చినవాడే. మార్త మార్కులు చూసి సంతోషించాడు.

"ఈ మార్కులకి మా రాష్ట్రం కోటాలో సీటు వచ్చినట్టే. బయటి కోటాలో అయితే కష్టం. నివాసపత్రం ఉందా? పోనీ, రేషన్ కార్డు?"

"ఉండీది బాబూ," అన్నాడు లచ్చన్న.

"ఉండేదా? ఏమైంది?"

లచ్చన్న నావైపు చూశాడు. మళ్లీ కిటికీవైపు తిరిగాడు. "పోనాది బాబూ. వానకి ఇల్లు కారి, తడిసి పోనాది."

నా ఎదుట అతను ఆడిన మొదటి అబద్ధం అది. నామీదికి మాట రాకుండా తప్పించడానికే ఆడాడు.

"దానికేం? కార్డు పోయిందని పోలీస్ స్టేషన్లో కాగితం రాయించుకుని, వారంలో నకలు తెచ్చివ్వండి. అంతవరకు దరఖాస్తు నా దగ్గర ఉంచుతాను," అంటూ గుమాస్తా కలం తీశాడు.

అప్పుడు నేను నోరు తెరిచాను. "పోలేదండీ. నేనే వెనక్కి ఇప్పించాను. ఆంధ్రా కార్డే ఉంచుకుంటామని సంతకాలు కూడా చేశారు."

కలం ఆగింది. "మేం ఒరిస్సావాళ్లం కామని మీరే రాసిచ్చారన్నమాట." దరఖాస్తు తిప్పి, బయటి రాష్ట్రం అన్న గడిలో గీత పెట్టాడు. "రెండు సీట్లకి ఇప్పటికే నలభైమంది ఉన్నారు, ఫాదర్. వచ్చినా ఆ ఫీజు ఈయన కట్టగలడా?"

మూడింటి బస్సుకి తిరిగి ఎక్కాం. భోజనం ఎవరికీ గుర్తు రాలేదు. లచ్చన్న నా భుజంమీద చెయ్యివేసి, "బాద పడకండి అయ్యగారూ," అన్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేది.

బస్సు సుంకి ఘాటు దిగింది. మార్త కిటికీలోంచి చూపు తిప్పకుండానే అడిగింది.

"అయ్యగారూ, మీరు నిజం సెప్పినారు. దేవుడు మిమ్మల్ని సూత్తాడు. మరి నన్నెవలు సూత్తారు?"

ఆరున్నరకి సాలూరులో దిగేసరికి వాన మొదలైంది. జీపు కోసం నిలబడినప్పుడు మార్త ఆ మార్కుల కాగితాన్ని ఓణీ కింద దాచుకుంది, తడవకుండా.

ఈ దారిన పిల్లల్ని చేర్పించడానికి వెళ్లేవారు ముందే తాసీలు ఆఫీసులో నివాసపత్రం తీసుకోండి, కిటికీ దగ్గర చూసుకుందాం అనుకోవద్దు. నేను అబద్ధం చెప్పవలసిందని ఇప్పటికీ అనలేను. కానీ ఆ కార్డులు అడిగిన రోజున దేవుడు అడిగాడా, నేను అడిగానా అన్నది నాకు తెలియడం లేదు. ఆదివారం ప్రసంగపీఠం ఎక్కితే మొదటి వరుసలో లచ్చన్న కూర్చుంటున్నాడు. మార్త రావడం లేదు. మోకరిస్తే నాకు మాట రావడం లేదు. చదివిన మీరు ఒక్క నిమిషం ఆగి, నా బదులు ప్రార్థించండి. నా పేరు ఎత్తకండి. ఆ పిల్ల పేరు మార్త.