వారం ఆగాకే జవాబు

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు వారాలను ఆగమన కాలం అంటారు. ఆదివారానికో కొవ్వొత్తి వెలిగించి, రాబోయేవాడి కోసం ఎదురుచూడాలి. ఎదురుచూపు ఎంత పవిత్రమో చెప్పే ప్రసంగాలకు కొదవ లేదు. ఎలా ఎదురుచూడాలో చెప్పేవాళ్ళే కరువు. ఈలోగా కొట్లన్నీ రంగు కాగితాలు కట్టేసి, పండగ అప్పుడే వచ్చి కూర్చున్నట్టు హడావిడి చేస్తాయి.

ఒక బేకరీ మాస్టర్ ఇంట్లో మాత్రం దానికో పద్ధతి ఉంది. కొవ్వొత్తి వెలిగాక, వంతు వచ్చినవాళ్ళు ఇంట్లో ఇంకొకరిని ఒక ప్రశ్న అడగాలి. అడిగించుకున్నవాళ్ళు వచ్చే ఆదివారం దాకా జవాబు చెప్పకూడదు. అంతే.

ఈ పద్ధతి పెట్టింది మాస్టర్ భార్య. ఆవిడ బస్టాండులో ఎంక్వైరీ కౌంటర్‌లో కూర్చుంటుంది. పొద్దున్నుంచీ అద్దం కన్నంలోంచి ముఖాలు తొంగిచూస్తూనే ఉంటాయి, అడగడం పూర్తవకముందే జవాబు పడాలి. “నా నోరు నా మాట వినడం మానేసింది. ఇంట్లోనన్నా ఒక ప్రశ్నని కాసేపు ప్రశ్నగా ఉండనివ్వండి” అందావిడ. దానికి తోడు, భర్తను ఏదడిగినా జోకేసి తప్పించుకుంటాడు.

మొదటి ఏడాది అంతా రసాభాస. వాళ్ళతోనే ఉంటున్న అత్తగారు వంతు రాగానే, “నా గది తలుపు కిర్రుమనడం ఎప్పుడు మానుతుంది అల్లుడూ?” అని అడిగింది. అల్లుడు పెదవుల మీద వేలు పెట్టుకుని వారమంతా దర్జాగా తిరిగాడు. వారమంతా తలుపు కిర్రుమంటూనే ఉంది. మరుసటి ఏడాది నుంచి రిపేరు ప్రశ్నలు నిషేధించారు.

మాస్టర్ ఏళ్ళ తరబడి ఓవెన్ ముందు నిలబడ్డ మనిషి. గడియారం వైపు చూసేవాడు కాదు. ఓవెన్‌కు రెండడుగులు ఎడంగా నిలబడి, ముక్కు ఎగబీల్చి, “ఇంకా పచ్చిగానే ఉంది” అనో “ఇక తీసెయ్” అనో అనేవాడు. అందుకే బేకరీలో అంతా ముక్కు మాస్టర్ అంటారు. కొత్తగా చేరినవాళ్ళు ఆ పేరు విని, ముక్కు ఎంత పెద్దదో అని వచ్చి చూసి నిరాశపడేవాళ్ళు.

ఈ ఏడాది వానల్లో ఆయనకు జ్వరం వచ్చింది, పోయింది. పోతూ పోతూ వాసనని కూడా పట్టుకుపోయింది. మాస్టర్ ఎవరికీ చెప్పలేదు. దొంగచాటుగా గోడ గడియారం చూడటం, రొట్టె పైరంగు చూడటం, అడుగున తట్టి చప్పుడు వినడం, వీటితోనే నెట్టుకొస్తున్నాడు. ముక్కు ఎగబీల్చడం మాత్రం మానలేదు. ఇప్పుడది ఉత్త నటన. వాసన తెలియని ముక్కు మాస్టర్‌ని ఓవెన్ దగ్గర ఎవరు ఉంచుకుంటారు, అందులోనూ కేకుల సీజన్‌లో?

రెండో ఆదివారం కూతురి వంతు. వెలుగుతున్న కొవ్వొత్తి మీదుగా సూటిగా తండ్రిని చూసింది.

“నాన్నా, మొన్న పాలు పొంగి మాడిపోతుంటే నువ్వు పక్కనే కూర్చుని పేపర్ చదువుతున్నావు. కింద మెట్ల దగ్గరున్న నాకు వాసన వచ్చింది. నీకెందుకు రాలేదు?”

మాస్టర్ నోరు తెరిచాడు. జోకు నాలుక చివరే ఉంది.

“ఊఁహూఁ, వారం!” అంది అత్తగారు సంబరంగా. “నా తలుపప్పుడు బాగానే గుర్తుందిగా నియమం!”

అప్పటికప్పుడైతే అబద్ధం ఇట్టే దొరికేది. వారం పాటు నిలవ ఉంచాల్సిన అబద్ధం ఎలా ఉంటుందో మాస్టర్‌కి ఇదే మొదటి అనుభవం. ‘ఏదో ఆలోచనలో ఉన్నానమ్మా’ అందామనుకున్నాడు. తెల్లారేసరికి అది పాచిపోయింది. ‘పడిశం పట్టింది’ అందామనుకున్నాడు. పడితే ఇల్లు అదిరేలా తుమ్ముతాడని ఇంటిల్లిపాదికీ తెలుసు.

వారం మధ్యలో బేకరీకి కొత్త వెన్న డబ్బా వచ్చింది. వెన్న చూసి ఒప్పుకోవాల్సింది మాస్టరే. ముక్కు దగ్గర పెట్టుకుని, అలవాటు కొద్దీ “బాగుంది, కానీయండి” అన్నాడు. పిండి కలిపే పెద్దాయనని అందరూ బాబాయ్ అంటారు. ఆయన ఏదో అనబోయి మానుకున్నాడు.

కేకులు బయటికి వచ్చేసరికి ఓనరమ్మ ముక్కు మూసుకుని లోపలికి వచ్చింది. వెన్న చెడిపోయింది.

“కలిపేటప్పుడు ఆ మాత్రం తెలియలేదా బాబాయ్? చేతకాకపోతే ఇంట్లో కూర్చోండి!”

బాబాయ్ మాస్టర్ వైపు చూశాడు. మాస్టర్ ట్రేల వైపు చూశాడు. కేకులన్నీ చెత్త డబ్బాలోకి పోయాయి.

ఆదివారం మూడో కొవ్వొత్తి వెలిగింది.

“చెప్పు నాన్నా.”

“నాకు వాసన తెలియట్లేదమ్మా. జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచీ. పాలు, రొట్టె, సబ్బు, దేని వాసనా రాదు.” అంతటితో ఆగలేదు. వెన్న సంగతి, బాబాయ్ తిన్న చీవాట్ల సంగతి కూడా చెప్పేశాడు.

“అయితే ఇన్నాళ్ళూ నా వంట ఓహో అని మెచ్చుకున్నదంతా?” అంది అత్తగారు.

“రంగు చూసి, అత్తయ్యా.”

భార్య నవ్వలేదు. “రేపు ఓనరమ్మకి చెప్తారా?”

“దీనికి కూడా వారం గడువుందా?”

“లేదు. ఇవాళ అడిగే వంతు మా అమ్మది, నాది కాదు. నాకు జవాబు ఇప్పుడే కావాలి.”

“చెప్తాను.”

మర్నాడు చెప్పాడు. ఓనరమ్మ బాబాయ్‌ని పిలిపించింది. “ఆ రోజు మిమ్మల్ని అనవసరంగా అన్నాను, ఏమీ అనుకోకండి. అయినా మీకు అనుమానం రాలేదా?”

“వచ్చిందమ్మా. ముక్కు మాస్టర్ బాగుందన్నాక, నా ముక్కే చెడిపోయిందేమో అనుకున్నాను.”

“క్రిస్మస్ దాకా ఇద్దరూ ఓవెన్ దగ్గరే నిలబడండి. వాసన మీరు చెప్పండి, పని ఆయన చేస్తాడు. ఆ తర్వాత సంగతి అప్పుడు చూద్దాం” అంది ఓనరమ్మ. అంతకు మించి ఏ భరోసా ఇవ్వలేదు.

ఇంకొకరి ముక్కుతో పని చేయడం ఎంత కష్టమో మొదటి ట్రే లోపలికి వెళ్ళాక గానీ మాస్టర్‌కి తెలిసిరాలేదు.

“బాబాయ్, ఏం వాసన వస్తోంది?”

“మంచి వాసనే.”

“మంచి అంటే? పచ్చి పిండి వాసనా? చక్కెర కాగిన వాసనా?”

“అదేనయ్యా, కేకు వాసన! నీకు తెలిసిందేగా!”

“తెలిస్తే నిన్నెందుకు అడుగుతాను?”

బాబాయ్ కళ్ళు మూసుకున్నాడు. కేకు వాసన దేనిలా ఉంటుందని ఆయన్ని ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు. ఒకసారి పీల్చాడు, తల అడ్డంగా ఊపాడు, మళ్ళీ పీల్చాడు. మాస్టర్ తొందరపెట్టలేదు.

“తడి చొక్కా మీద ఇస్త్రీపెట్టె పెడితే వస్తుంది చూడు, అలాంటి వాసన” అన్నాడు చివరికి. “కానీ చొక్కా ఇంకా ఆరలేదు.”

మాస్టర్ ఓవెన్ తలుపు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఆరాక చెప్పు బాబాయ్.”